వరుస చివరి ఎర్రగడి

మూడు గంటలకు మా పాప వీడియోలో సారుకు బొమ్మ చూపించాలి. అప్పటికే రెండుసార్లు బొమ్మ సరిగా రాలేదు. ఈసారీ రాకపోతే కంప్యూటరు కోర్సులోంచి పేరు తీసేస్తామన్నారు. ఆ పొద్దు నాకు మగ్గం మీద కాలు నిలవలేదు. నాలుగు పోగులు నేయడం, లేచి పాప గది గడప దాకా పోయి రావడం. అంతే పని.

ఇచ్చిన పని వినడానికి చిన్నదే. ఒక బొమ్మను పైథాన్ అనే కంప్యూటరు భాషలో చదవాలి, చదివినదాన్ని సీ భాషకు అందించాలి, అది మళ్లీ అదే బొమ్మ గీయాలి. పాప మా చీరల అంచు హంసను తీసుకుంది. మా నాయన గ్రాఫు కాగితం మీద గీసినది. పైథాన్‌లో ఉన్నంతసేపూ హంస బాగానే ఉండేది. సీలోకి పోయేసరికి మెడ, కాళ్లు అన్నీ ఏటవాలుగా సాగిపోయేవి, గాలికి వాలిన కంచె మాదిరి.

"ఏంది పాపా, హంసకు కల్లు తాపినావా?"

"నువ్వు ఊరకుండు మా! యాడ తప్పుండాదో తెలీక నేను సస్తాంటే."

ఊరకుండలేకపోయాను. "ఒకటి చెప్పు. ఆ రెండో భాషకు వరుస యాడ అయిపోతాదో ఎట్ల తెలుస్తాది?"

"దానికేమీ తెలీదు మా. గడులన్నీ ఒకదాని ఎనక ఒకటి పోతాయి. వరుసకు ఎన్నో నేనే చెప్పాల. నలభై ఒకటని చెప్పినా."

నలభై ఒకటి. ఆ లెక్క నాకు చిన్ననాటిది. ఐదో తరగతితో బడి మానేసి నాయన పక్కన కూర్చుని గ్రాఫు చదివేదాన్ని. "రెండు ఎత్తు, మూడు వదులు" అని నేనంటుంటే ఆయన, ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే జకార్డు అట్టకు చిల్లులు కొట్టేవాడు. నేసే గడులు నలభైయే. నలభై ఒకటోది ఎర్రసిరా నింపిన గడి. దాని దగ్గర నేను "ఎర్ర" అంటే వరుస అయిపోయినట్టు. ఒకనాడు ఆకలి మీద ఆ మాట మరిచాను. నాయన తర్వాతి వరుస గడిని ఈ వరుస అట్టలోనే కొట్టేసి, అట్ట చింపి, నా వంక చూశాడు. ఆ చూపు ఇంకా గుర్తే. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరినడిగినా ఆ హంసకు నలభై ఒకటే అంటారు.

"పాపా, ఎర్రగడి కూడా పంపినావా?"

"లేదు మా. అది నేసేది కాదు కదా, చదివేటప్పుడే తీసేసినా."

"తీసేసి, మళ్లా నలభై ఒకటని ఎందుకు చెప్పినావు?"

పాప గబుక్కున కంప్యూటరు వైపు తిరిగింది. నలభై ఒకటిని నలభై చేసింది. హంస నిటారుగా నిలబడింది.

మూడయింది. పాప గది తలుపు మూసుకుంది. బయట నేను ఒకచోట నిలవలేక తిరుగుతూనే ఉన్నాను. తప్పు ఎక్కడ జరిగిందని సారు అడిగినట్టుంది. "మా ఇంటి అలవాటు సార్" అని మొదలుపెట్టి, ఎర్రగడి సంగతంతా చెప్పింది. 

తలుపు తీసింది. "కోర్సులో ఉండమన్నారు మా."

నేను మగ్గం దగ్గరికి పోయి చూస్తే, ఆ పొద్దు నేసిన బెత్తెడు గుడ్డలో తెగిన పోగులే. అంతా విప్పాలి. పాప వచ్చి ఎదురుగా కూర్చుని, అడగకుండానే పోగు కొస పట్టుకుంది.