రిపోర్టు రాకముందే చెప్పిన సాక్ష్యం

“రిపోర్టు రాకముందే సాక్ష్యం ఎట్ల చెప్తావే? రేపు చెడ్డగా వస్తే సంఘంలో మొగం ఎట్ల చూపించుకోవాల?”

యోసేపు పెదనాయన గొంతు గోడ దాటి మా వసారాలోకి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరూ అప్పుడే చర్చి నుంచి వచ్చారు. ప్రార్థన నెరవేరాక లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం మా సంఘంలో ఆచారం. ఆయన భార్య మార్తమ్మ పెద్దమ్మ మాత్రం తన మెడ మీది గడ్డ కేన్సర్ కాదని, దేవుడు కాపాడాడని ఆ పొద్దున్నే చెప్పేసింది. మార్కాపురంలో సూదేసి చేసిన పరీక్ష ఫలితం గురువారానికి గానీ రాదు.

“స్తోత్రం ముందే చెప్తే తప్పేంది?” అంది పెద్దమ్మ.

“తప్పేం లే. నీకు నిద్ర పడతాంది. నాకు పట్టడం లే.”

ఆ మాటలో నేను పెదనాయన పక్షం. ఆమె మీద నాకు కుళ్ళు, చాలా రోజులుగా. అర్ధవీడు నుంచి పుల్లలచెరువుకు కోడలిగా వచ్చిన మనిషి. కొన్నేళ్ళు రాతి పలకలు కోసే పనిలో దుమ్ము మింగింది, తర్వాత మిరప కోతలకు పోయింది. ఒక బిడ్డను జ్వరానికి పోగొట్టుకుంది. ట్యాంకర్ రాని రోజు అందరం తిట్టుకుంటుంటే ఖాళీ బిందె పక్కన కూర్చుని పాట పాడుకునేది. నేనేమో డిగ్రీ రెండో ఏడు మానేసి, ఏ రోగమూ లేకుండానే గుబులుతో తిరుగుతున్నాను. మార్తమ్మను చూసి నేర్చుకోమంటుంది మా అమ్మ. ఆ నెమ్మది ఆమెకు పుట్టుకతో వచ్చిందని, నాకు రాసిపెట్టి లేదని మండిపోయేవాణ్ణి.

ఆమెది బటన్ ఫోను కాబట్టి ల్యాబులో నా నంబరు ఇచ్చింది. గురువారం పొద్దున తొమ్మిదికి రిపోర్టు వచ్చింది. నిజం చెప్తున్నా, తెరిచేముందు ఒక్క క్షణం చెడ్డగా ఉంటే బాగుండుననిపించింది. అప్పుడైనా ఆమె నాలాగే వణుకుతుంది కదా. కేన్సర్ కాదని ఉంది. నాకు సంతోషం రాలేదు. దేవుడు కూడా ఆమె వైపే అనుకుని ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆమె భయపడటం ఒక్కసారి చూడాలని సాయంత్రం దాకా చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా వాళ్ళ వంటింటి తలుపు దగ్గరికి పోయాను. లోపల ఆమె గోనెసంచి మీద మోకరించి ఉంది. పాట లేదు.

“ప్రభువా, భయమేస్తాంది. పొద్దున నీ చేతిలో పెట్టినా. మధ్యానానికి మళ్ళీ నేనే ఎత్తుకున్నా. ఇంకోసారి పెడతాండా, తీసుకో.”

ఆ రోజుకు అది ఎన్నోసారో. గోడ పట్టుకుని లేచి, మొహం తుడుచుకుని, బియ్యం కడగడం మొదలుపెట్టింది. ఆమెకు ఊరికే వచ్చిందేమీ లేదు. అది తెలిశాక కుళ్ళు తగ్గలేదు, ఇంకా పెరిగింది. నాకు అట్లా అడగటం కూడా రాదు.

లోపలికి పోయి కేన్సర్ కాదని చెప్పేశాను. గిన్నె కింద పెట్టి కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి, రిపోర్టు ఎప్పుడొచ్చిందని అడిగింది. పొద్దున తొమ్మిదికన్నాను. నన్ను చాలాసేపు చూసింది. తిడుతుందని అక్కడే నిలబడ్డాను.

“మీ పెదనాయన ఇంకా మిరప చేలోనే ఉండాడు. నాలుగు రోజుల నుంచి కూడు సయించడం లే ఆయనకు,” అంది. “బండి తీస్కొని నువ్వే పోయి చెప్పు, సాగరూ. పొద్దున్నే వచ్చిందని మాత్రం చెప్పమాక.”