కాలికి పోసిన నూనె

నా ఎడమ కాలు పసితనంలోనే పోలియోకి చచ్చుబడింది. పని చేయదు గానీ ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది. మా చర్చి సంఘపు పెద్దల్లో ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కాబట్టి నాకు సర్దుకుపోవడం కష్టమనిపించలేదు.

మదనపల్లెలో ఒక హాస్టల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. పెళ్లి లేదు. పుంగనూరు బయట మా నాయనకు ప్రభుత్వం ఇచ్చిన అరెకరం ఉంది. జీవితమంతా ఇతరుల చేలల్లో కూలి చేసిన మనిషి, ఆ అరెకరంలో ఒక గది కట్టుకుని పోయాడు. నేను ఆ గదిలో చేరి, తినేదంతా నేనే పండించుకుంటానని ప్రకటించాను. కుప్పంలో స్థిరపడిన మా అన్న ఆ మాట విని నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఒక ఏడాది చూస్తానని, చేతకాకపోతే నేల టమోటా రైతుకు గుత్తకిచ్చి నన్ను కుప్పం తీసుకుపోతానని చెప్పాడు. అక్కడ నా కోసం గది కూడా సిద్ధం చేశాడు. మేడ మీద. ఇరవై రెండు మెట్లు.

నేను వంగలేను కాబట్టి, స్టూలు మీద కూర్చుంటే నడుము ఎత్తుకు వచ్చేలా గోడ పక్కన రాళ్లతో మడి కట్టించాను. ఎంత వెడల్పని మేస్త్రీ అడిగితే, దేవుడు విశాలంగా ఇస్తాడన్న నమ్మకంతో ఐదడుగులన్నాను. దేవుడు విశాలంగానే ఇచ్చాడు. నా చెయ్యి మాత్రం రెండడుగులకే అందింది. గోడ వైపున్న మూడడుగుల్లో తోటకూర ఏపుగా పెరిగి, ముదిరి, విత్తనం కట్టింది. దాన్ని చూస్తూ నేను పక్కింటామె దగ్గర కూర అడుక్కుని వండుకున్నాను. ఆదివారం బడిలో ఇరవై ఏళ్లు పిల్లలకు వివేకం గురించి చెప్పినదాన్ని నేనే. మళ్లీ మేస్త్రీని పిలిపించి మడిని ఇరుకు చేయించాను.

రాగికీ వేరుశెనగకూ మడులు కుదరవు. వాటి కోసం పాత లారీ ట్యూబు కోసి, లోపల గోనెసంచి పెట్టి దిండులా కుట్టుకున్నాను. దాని మీద కూర్చుని సాలు వెంబడి జరుగుతూ కలుపు తీశాను, కోత కోశాను. దారిన పోయేవాళ్లు ఆగి, ఏమన్నా పారేసుకున్నావా అమ్మా, వెతికి పెట్టేదా అని అడిగేవారు. వెతికి పెట్టినవాళ్లు ఎవరూ లేరు, అడగడం మాత్రం ఎవరూ మానలేదు.

ఏడాది నిండింది. ఒక శనివారం అన్న వచ్చాడు. వెంట మా సంఘం పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, స్త్రీల సమాజం నుంచి ఆరుగురు అక్కలు. వాకిట్లో నా మంచం ఎక్కించుకుపోవడానికి ఒక మినీ లారీ. అన్న అయ్యగారితో ఫోనులో ముందే మాట్లాడుకున్నాడు: ఉపవాస ప్రార్థన చేయాలి, కాలు బాగైతే నేనిక్కడే ఉండొచ్చు, లేకపోతే కుప్పం రావాలి. ఈ ఒప్పందంలో ఇద్దరిని మాత్రం ఎవరూ సంప్రదించలేదు. ఒకరు నేను, రెండోవారు ప్రభువు.

కాలికి రాయడానికి అమ్మగారు తెచ్చిన ప్రార్థన నూనె సీసా అడుగంటింది. ఇంట్లో నూనె ఉంటే తెమ్మన్నారు. ఉంది. నేలమీద జరుగుతూ నేను వేరుశెనగ పీకి, ఎండబెట్టి, గోళ్లు అరిగేదాకా ఒలిచి, పుంగనూరు గానుగలో ఆడించుకొచ్చిన ఒకే ఒక్క డబ్బా. మళ్లీ పంట వచ్చేదాకా అదే నాకు తాళింపు. దేవుని పనికి లేదనడం ఎలా? ఇచ్చాను. అక్కలు ఒకరి తరువాత ఒకరు దోసిలి పట్టి నా మోకాలి మీద పోశారు. ఆ కాలు బతుకులో గింజ సంపాదించింది లేదు, ఆ పూట మాత్రం రెండు నెలల తాళింపు తాగింది. ప్రార్థనలో కళ్లు తెరిచారని ఎందరో పిల్లల్ని మొట్టాను నేను. ఆ రోజు మొదటి నుంచి చివరి దాకా నా కళ్లు డబ్బా మీదే ఉన్నాయి.

ప్రభువు స్వస్థపరచగలడని నేను నమ్ముతాను. ఆ నమ్మకంతోనే పెరిగాను, దానితోనే పోతాను. కానీ నా కాలి సంగతి ఆయనకు యాభై ఏళ్లకు పైగా తెలుసు. అంత గట్టిగా అరిచి గుర్తు చేయనక్కరలేదు.

విశ్వాసంతో లేచి నడవమన్నారు అయ్యగారు. లేచాను. నున్నటి బండల మీద నూనె మడుగు కట్టి ఉంది. కర్ర జారింది, చచ్చుకాలు జారింది, చివరికి మంచికాలు కూడా జారింది. కూలబడ్డాను. దెబ్బ తగలలేదు. ఒక అక్క, ఈమెకు విశ్వాసం చాల్లేదేమో అని పక్కామెతో మెల్లగా అంది.

"అక్కా, విశ్వాసం సంగతి ప్రభువు సూసుకుంటాడు," అన్నాను. "నూనె అయితే మీకు బాగానే సాలింది."

అన్న తల పట్టుకున్నాడు. "సూసినావు కదమ్మే. ఇంగ పంతం యాల? మంచం ఎక్కిస్తాను, పోదాం పా."

"ఉపవాసం విడిసినాక మాట్లాడుదాంలేన్నా," అన్నాను.

ఒంటిగంటకు వడ్డించాను. పొద్దున్నే కలిపి పెట్టిన రాగిసంగటి, తోటకూర పులుసు, శెనక్కాయలు నూరిన ఊరిబిండి. దుకాణం నుంచి వచ్చింది ఉప్పూ చింతపండే. అయ్యగారు ఆశీర్వదించే ప్రార్థన ఆ రోజు చాలా పొట్టిగా ముగిసింది. అక్కలు మారు అడిగారు. అన్న మూడో ముద్ద దగ్గర ఆగాడు.

"ఈ రాగులు యాడియి?"

"ఈడియే. బాయి పక్క."

"కోసిందెవురు?"

"నేనే. కూసోని."

నమ్మలేదు. చేయి కడుక్కుని చేలోకి పోయాడు. నేను దిండు మీద వెనకాలే జరుగుతూ పోయాను. కలుపు ఎలా తీస్తానో చూపించమన్నాడు. చూపించాను. తనూ గొంతుకూర్చుని ఒక సాలు మొదలుపెట్టాడు. సగం సాలు దాటకముందే మోకాళ్లు పట్టుకుని, లేవడానికి చెయ్యి ఇమ్మని నన్నే అడిగాడు. ఇచ్చాను. కుప్పం ఇంట్లో రోజూ ఇరవై రెండు మెట్లు ఎక్కేదెవరని అడుగుదామనుకుని, లేని దయ తెచ్చుకుని ఊరుకున్నాను.

వెళ్లేముందు అయ్యగారు, ఇంకేమన్నా ప్రార్థన మనవి ఉందా అని కొంచెం భయంగానే అడిగారు. ఉందన్నాను. చెరువు వైపు నుంచి అడవిపందులు వచ్చి వేరుశెనగ పెళ్లగిస్తున్నాయి, వాటి గురించి చేయమన్నాను. ఆయన నిలబడే చేశారు, నూనె అడగకుండా.

ఆమెన్ అన్నాక అన్న గొంతు సవరించుకున్నాడు. "పందులకు ప్రార్థన ఒకటే సాలదు అయ్యగారూ. కంచె కూడా వెయ్యాల." లారీ డ్రైవరును పొమ్మన్నాడు.

మరుసటి శనివారం పాతడానికి రాతి కూసాలు, ముళ్లతీగ తెచ్చి తనే దగ్గరుండి కంచె వేయించాడు. గేటుకు గొళ్లెం ఎక్కడ పెట్టాలని నన్ను అడిగాడు. దిండు మీద కూర్చుంటే నా చేతికి అందేంత కిందికి పెట్టించమన్నాను. అందుకే ఇప్పుడు నా చేలోకి రావాలంటే ఎవరైనా నడుము వంచాల్సిందే. మా సంఘపు పెద్దలకు అది కొంచెం కష్టంగా ఉంది.