మా ఇంట్లో చలికాలం

మా ఊళ్లో చలికాలం లేదు. ఈ మాట ఎవరి ముందైనా ఒప్పుకుంటాను గానీ మా ఆయన ముందు మాత్రం అనకూడదు. డిసెంబరు వచ్చిందంటే చాలు, పొద్దున్నే మంకీ క్యాప్ తగిలించి, మెడకి మఫ్లర్ చుట్టి, లుంగీ కింద సాక్సులు తొడిగి, "క్యా ఠండ్ హై భాయ్" అనుకుంటూ పాల ప్యాకెట్టుకి బయల్దేరతాడు. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టి, ఇక్కడే డైరీ ఫార్మ్ అనే పేటలో హార్డ్‌వేర్ షాపు పెట్టుకుని, అరవై ఏళ్లుగా చెమటలు కక్కుతున్న మనిషి. ఆ టోపీ కింద కూడా చెమటే. అయినా తియ్యడు. చలికాలం కదా, తీస్తే ఎలాగ అంటాడు.

అలాంటి ఇంటికి మా అప్ప చలికాలం గడపడానికి వస్తానంది. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. మా నాన్న చేపల వేటకని జహాజెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, మేమిద్దరం ఇక్కడే పుట్టాం. అప్ప పెళ్లి చేసుకుని ఢిల్లీ వెళ్లింది, అక్కడ స్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరైంది. పిల్లల్లేరు. బావగారు రెండేళ్ల కిందట పోయారు. ఆ పొగకీ ఆ మంచుకీ గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. చలికాలం నాలుగు నెలలూ ఎక్కడైనా వెచ్చటి సముద్రపొడ్డున ఉండమని డాక్టరు చెప్పాడు.

వస్తానంది అన్నాను గానీ నిజానికి అలా అనలేదు. అక్కడే ఉంది తిరకాసు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి దేశంలో ఉన్న సముద్రపొడ్డులన్నిటికీ మార్కులు వేసి చదివేది. పూరీకి అరవై రెండు. కాకినాడకి యాభై ఎనిమిది. గోవాలో గాలి బాగుందట గానీ అక్కడ మనుషులు నిద్రపోరట, ముప్పై. వారం రోజులు విన్నాను. అండమాన్ ఊసే లేదు. నాకు ఒళ్లు మండింది.

"మరి మనూరికేటైంది? సముద్రం ఇంకిపోయిందేటి?"

"ఎవరూ రమ్మనలేదు కదా అని రాయలేదు."

"నీ ఇల్లే కదే! నీ ఇంటికి నిన్ను పిలవడమేటి, విన్నవాళ్లు నవ్వరూ?"

అటు నుంచి పేజీ తిప్పిన చప్పుడైంది. తరవాత, "అలాగేలే, ఓసారొచ్చి చూసి రాసుకుంటాను" అంది, తనిఖీకొచ్చే ఆఫీసరమ్మ లాగ.

నాకు కావలసింది ఒక్కటే. ఏటా ఆ నాలుగు నెలలూ అప్ప నా దగ్గరే ఉండాలి. తన పెళ్లయ్యాక మేమిద్దరం ఒక కప్పు కింద వరసగా పది రోజులున్నది లేదు. బావగారు పోయినప్పటి నుంచి అది ఒక్కర్తీ ఆ ఫ్లాట్లో దగ్గుకుంటూ కూర్చుందని తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. కానీ బతిమాలను. ఇల్లు నీదే అన్నాను, ఇంక పైన చెప్పడానికేముంది? నా పట్టు అది. మా ఇంట్లో పట్టు లేని ఆడది పుట్టలేదు.

ఎయిర్‌పోర్టులో అప్ప స్వెట్టరు విప్పింది, శాలువా విప్పింది, దాని కింద ఇంకో స్వెట్టరు విప్పింది. ఎదురుగా మా ఆయన మఫ్లర్ బిగించుకుంటున్నాడు. సెక్యూరిటీ అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"వదినా, ఠండ్ కొంచెం ఎక్కువే ఈసారి," అన్నాడు మా ఆయన.

"మరిదిగారూ, మీకు జొరమేమో చూపించుకోండి," అంది అప్ప.

ఇంటికొచ్చి కాళ్లైనా కడుక్కోకుండా కిటికీలో సాసర్ పెట్టి చెంచాడు ఉప్పు పోసింది. ఇదేటి అంటే, గాలిలో నెమ్ము ఎంతుందో ఉప్పు చెప్తుందట. ఉప్పు తొందరగా చెమరిస్తే ఆ ఇల్లు తన గుండెలకి పనికిరాదు. ఒక నోట్‌బుక్కు తీసి గళ్లు గీసింది: వేడి, గాలి, ఉప్పు, మెట్లు, మనుషులు. మర్నాటి నుంచి నా ఇంట్లో టిఫిన్ తిని, నా ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని, మా ఆయన స్కూటరెక్కి, అద్దె ఇళ్లు చూడ్డానికి వెళ్లడం మొదలెట్టింది. వెనక సీట్లో తను, ఒళ్లో సాసర్, చేతిలో థర్మామీటర్. ముందు మంకీ క్యాప్‌లో మా ఆయన. షాపు గుమాస్తా మీద వదిలేశాడు. ఇన్నాళ్లకి తన చలిని సీరియస్‌గా తీసుకునే పని ఒకటి దొరికిందని మనిషి మురిసిపోయాడు.

నోట్‌బుక్కు దొంగతనంగా తీసి చూశాను. ఎందుకు చూడను? అందరి ఇళ్లకీ గళ్లు నింపి కింద మొత్తం వేసింది. మా ఇంటి పేజీలో అన్ని గళ్లూ నిండాయి, బాగానే వేసింది కూడా. మొత్తం మాత్రం వెయ్యలేదు. మా ఇంటికి ఎంతొచ్చిందో చెప్పలేక ఆపేసిందనుకున్నాను. ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువే పడింది, పడనీ అనుకున్నాను.

డెలానీపూర్‌లో ఒక ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు కథ అడ్డం తిరిగింది. అప్ప మాట్లాడకుండా లోపలికెళ్లి, గది మూల ఉప్పు సాసర్ పెట్టి, వాచీ చూసుకుంటూ నిలబడింది. పక్కన ముఖం సగం కప్పుకున్న మగమనిషి. ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుందట. "దీదీ, మా ఇంటికెవరైనా ఏమైనా చేశారా?" అని హిందీలో మెల్లిగా అడిగింది. అప్ప ఉప్పులో వేలు పెట్టి చూసి, "ఈ మూల బాగోలేదు" అంది. ఇంటావిడ గుండెలు బాదుకుంది. ఆ మూలనే ఫ్రిజ్ ఉంది, అది ఈ ఏడాది మూడుసార్లు చెడిపోయింది! ముగ్గురూ కలిసి ఫ్రిజ్‌ని ఇంకో గోడకి లాగారు. మా ఆయన ప్లగ్గు వదులుగా ఉందని చూసి గట్టిగా నొక్కాడు. ఫ్రిజ్ ఆడింది. ప్లగ్గు నొక్కినవాణ్ణి ఎవరు చూస్తారు? ఆవిడ వంగి అప్ప కాళ్లకి దణ్ణం పెట్టేసింది.

రెండు రోజులు తిరక్కుండానే మా ఇంటికి ఆడవాళ్లు రావడం మొదలైంది. "ఉప్పు దీదీ ఉన్నారా?" ఒకావిడ మిక్సీ జార్ తెచ్చింది. ఒకావిడ కుట్లు తప్పే మిషను ఆటోలో వేసుకొచ్చింది. ఇంకొకావిడ ఏకంగా మొగుణ్ణే తీసుకొచ్చింది, ఇంటిపట్టున ఉండటం లేదట. అప్ప టీచరు కదా, వచ్చినవాళ్లని ఉత్తచేతుల్తో పంపలేదు. ఆ మగాడి ముందు సాసర్ పెట్టి, పావుగంట కూర్చోబెట్టి, నలభై ఒకటి వేసింది. "వచ్చే నెల మళ్లీ రా, ఇంప్రూవ్ అవ్వాలి," అంది. అతను బుద్ధిగా తలూపాడు.

ఒక శుక్రవారం అలా ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. వెళ్లేటప్పుడు మా అమ్మ కుంకుమ భరిణె తీసి అందరికీ బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చాను. మా అమ్మకి ఈ బొట్టు పట్టింపు మహా ఎక్కువ. ఇంట్లో ఏ చిన్న శుభకార్యమైనా, పిలవాల్సినవాళ్ల గుమ్మంలోకి స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. మా చిన్నప్పటి రేకుల ఇళ్ల వరసలో పక్కింటావిడ పొయ్యి, మా పొయ్యి ఒకే గోడకి ఆనుకుని ఉండేవి. గోడకివతల నుంచి కేకేస్తే సరిపోయేది. అయినా అమ్మ చీర మార్చుకుని, వరస చివరిదాకా నడిచి, చుట్టూ తిరిగి ఆవిడ గుమ్మంలోకెళ్లి పిలిచేది. అప్పా నేనూ నవ్వుకునేవాళ్లం. ఆ శుక్రవారం నేను వరసగా ఆరుగురికీ పెట్టాను. ఏడో కుర్చీలో అప్ప కూర్చుంది. నేను భరిణె మూత పెట్టి, లోపలికెళ్లి కాఫీ కలిపాను.

మర్నాడు పొద్దున్నే అప్ప చెప్పింది, హాడోలో గది తీసుకున్నానని.

హాడో అంటే రేవు. ఆ గది నేనూ చూశాను. రేకుల కప్పు, పక్కన ఎండుచేపలు, జహాజు హారన్ కొడితే గిన్నెలు కదుల్తాయి. ఉప్పు అరగంటలో నీళ్లైపోయిందని మా ఆయనే చెప్పాడు.

"ఎన్ని వేశావు దానికి?" అన్నాను.

"పందొమ్మిది."

"మరి?"

"గుమ్మం బాగుందే," అంది.

"ఓహో! గుమ్మంలో పడుకుంటావేటి నాలుగు నెలలూ? అంత పెద్ద గది ఇక్కడ ఖాళీగా పెట్టి, ఎండుచేపల పక్కన పడుంటావా? జనం నన్నేటనుకుంటారు? పో! పోవే! నీకూ నాకూ చెల్లు!"

అన్నాను. నోరు ఊరుకోదు. అప్ప పెట్టె సర్దుకుంది. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆటో వెళ్లిన చప్పుడు విని పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. అదీ రెండు నిమిషాలే, కుక్కర్ కూసింది.

నాలుగు రోజులు మా ఆయన చేత కేరేజీ పంపాను. కోపం కోపమే, తిండి తిండే. రోజూ అడిగేదాన్ని, ఏం చేస్తోందని.

"క్యా పతా," అన్నాడు నాలుగో రోజు. "గుమ్మానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. గంజి చీర కట్టుకుని. సముద్రం చూడ్డానికి కూడా వెళ్లదు. నేను వెళ్తే నా వెనక ఎవరైనా ఉన్నారేమో అని చూస్తది. ఎవరూ లేకపోతే కేరేజీ తీసుకుంటది."

నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. అప్ప ఎప్పుడో ఫోన్లో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. బావగారు పోయాక, ఢిల్లీలో తెలుగువాళ్లెవరో పెళ్లికి పిలవడానికొచ్చారట. ఎదురు ఫ్లాటావిడకి బొట్టు పెట్టి పిలిచి, అప్ప చేతిలో కార్డు పెట్టి, "ఆంటీ, మీరూ రండి" అన్నారట. "నన్నింక ఎవరూ పిలవరే" అంది ఆ రోజు. పప్పు మాడుతోందని నేను ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు ఏడో కుర్చీ గుర్తొచ్చింది. ఎవరో పరాయివాళ్లు చేసిన పనే, నా ఇంట్లో, మా అమ్మ భరిణెతో, నేను కూడా చేశాను. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

చీర మార్చుకున్నాను. భరిణె పట్టుకున్నాను. "స్కూటర్ తియ్యి," అన్నాను మా ఆయనతో. మిట్టమధ్యాహ్నం. ఆయన మంకీ క్యాప్ వెతుక్కున్నాడు.

హాడోలో తలుపు తీసే ఉంది. గుమ్మానికెదురుగా కుర్చీ, కుర్చీలో అప్ప. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు. నా చేతిలో భరిణె చూసింది. అప్పుడు లేచి, కొంగు సర్దుకుని, గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తొందరగా కుంకుమలో వేలు ముంచాను. ఇంత చిన్న పనికి ఇన్నాళ్లు పట్టిందే అనుకున్నాను. నుదుటి మీద బొట్టు పెట్టాను. అప్ప కళ్లు మూసుకుంది.

"మా ఇంట్లో చలికాలం," అన్నాను. పెళ్లి పిలుపులకి అమ్మ వాడే గొంతే వచ్చేసింది. "మీరు తప్పకుండా రావాలి. ముందుగా వచ్చి, అన్నీ దగ్గరుండి జరిపించాలి. ఏటా రావాలి."

"ఎప్పుడు?" అంది కళ్లు తెరవకుండానే.

"ఇవాళే. ఇప్పుడే."

పక్క వాటాలోంచి ఇంటి ఓనరు, బెంగాలీ ఆవిడ, తొంగి చూసింది. "క్యా ఫంక్షన్ హై, దీదీ?"

"ఠండ్ హై," అన్నాడు మా ఆయన, టోపీ కింద చెమట తుడుచుకుంటూ. ఆవిడ ఎండకేసి చూసి, ఇంకేమీ అడగలేదు.

"మూడు వారాలు నా ఇంట్లోనే ఉన్నావు కదే," అన్నాను. ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. "ఒక్క మాట చెప్తే అక్కడే పిలిచేదాన్ని కాదా?"

"ఇంట్లో ఉన్నదాన్ని ఇంటికెలా పిలుస్తావే?" అంది అప్ప, చిన్నపిల్లకి పాఠం చెప్తున్నట్టు. "అమ్మ ఎలా పిలిచేదో మర్చిపోయావా? నువ్వు రావడానికి నాకంటూ ఒక గుమ్మం ఉండాలి కదా. అందుకే తీసుకున్నాను."

తలుపు వెనకే పెట్టె ఉంది. నాలుగు రోజులైనా తాళం కూడా తియ్యలేదు. మా ఆయన దాన్ని ఎత్తి స్కూటర్ మీద పెట్టబోతుంటే, అప్ప ఆగమని బెంగాలీ ఆవిణ్ణి అద్దం అడిగింది. ఆవిడ లోపల్నుంచి చేతద్దం తెచ్చి ఇచ్చింది. అప్ప దాన్ని వెలుగుకి తిప్పి, చాలాసేపు చూసుకుంది.

"వంకరగా పెట్టావు," అంది.

"సరిచేస్తానుండు," అని చెయ్యి చాపాను.

"వద్దు," అంది, నా చెయ్యి పట్టుకుని. "ఉండనీ."