దొరసాని చెప్పమన్న మాట

ఏడేళ్ళుగా నా నోట్లో ఒక మాట ఉండిపోయింది. అది నా మాట కాదు. వేరొకరికి చేర్చమని ఒకావిడ నాకు అప్పగించింది. నేను చేర్చలేదు. దాని చోట ఇంకో మాట పెట్టి, అది ఆవిడదేనని చెప్పాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను. ప్రార్థనలో దేవుడికి చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆయనకు చెప్పేటప్పుడు కూడా మాటలు మారుస్తున్నానని ఈమధ్యే గమనించాను. బలహీనత అంటాను. పొరపాటు అంటాను. అబద్ధం అని మాత్రం అనను. ఇక్కడ అంటున్నాను. నేను అబద్ధం చెప్పాను.

మాది మొయినాబాద్. మా నాన్న చేవెళ్ళ చుట్టుపక్కల ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగి సువార్త చెప్పినవాడు. నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఆదివారం సంఘంలో పిల్లలకు బైబిలు వాక్యం నేర్పుతాను. వేసవి సభలకు బయటి దేశాల దైవజనులు వస్తే, పక్కన నిలబడి వాళ్ళ ప్రసంగాన్ని తెలుగులో చెప్పేది కూడా నేనే. ఆ పనంటే నాకు ఎంత గర్వమో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒకసారి ఒక బోధకుడు, కూతురి పెళ్ళిలో తానూ భార్యా డాన్సు చేశామని నవ్వుతూ చెప్పాడు. మా సంఘంలో డాన్సు చేయరు. ముందు వరుసలో చాపల మీద కూర్చున్న ముసలమ్మలు నా నోటి వైపే చూస్తున్నారు. "భార్యాభర్తలిద్దరూ పాటలు పాడి దేవుణ్ణి స్తుతించారు" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. తర్వాత మా పాస్టరు అయ్యగారు, "మంచిగ దాటించినవమ్మ" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పును నేను దాచుకున్నాను. ఆ రోజు నుంచి, నా నాలుక మీదుగా ఏది దాటాలో ఏది దాటకూడదో తేల్చే అధికారం నాకుందనుకున్నాను.

అది మా పొలాలన్నీ ఫామ్‌హౌసులుగా, రిసార్టులుగా మారుతున్న కాలం. మాదాపూర్ ఆఫీసుల కార్లు, అక్కడ ఉద్యోగాల్లో చేరిన మా ఊళ్ళ పిల్లల కోసం రోడ్డు మీదికి వచ్చి ఆగేవి. అప్పుడు అజీజ్‌నగర్ దగ్గరి ఒక రిసార్టులో మూడు రోజుల అంతర్జాతీయ సదస్సు పెట్టారు. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు, హిజ్రాలు, ఇలాంటి వాళ్ళందరి హక్కుల గురించి. చాలా దేశాల నుంచి వచ్చారు. చుట్టుపక్కల గుళ్ళకూ మసీదులకూ చర్చీలకూ ఉత్తరాలు రాశారు, మీలో ఒకరు వచ్చి ఊరికే కూర్చుని వినండి అని. అయ్యగారు ఆ ఉత్తరం నా చేతికిచ్చారు.

"పోయి కూసో. చూడు. రాసుకొని రా. ఒక్క మాట మాట్లాడకు" అన్నారు. తర్వాత నవ్వి, "మాట్లాడకుండ కూసునుడు నీకు కష్టమే, నాకు తెల్సు" అన్నారు.

మెడలో వేసిన కార్డు మీద నా పేరు కింద ఇంగ్లీషులో 'పరిశీలకురాలు' అని ఉంది. ప్రశ్నలు అడగకూడదు, చెయ్యెత్తకూడదు. వెనక వరుసలో నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. ఏం చూస్తానని వెళ్ళాను? ఏదో ఒక విచ్చలవిడితనం కనబడుతుందని, దాన్ని రాసుకొచ్చి సంఘానికి చెప్పాలని వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఎదురుచూశాను. హాల్లో ఏసీ చలికి అందరూ శాలువాలు కప్పుకుని, మా మహిళా కూడికలాగే కనిపించారు. కిరాయికి గది ఎవరూ ఇవ్వడం లేదని ఒకతను గంటసేపు చెప్పాడు. భోజనాల దగ్గర ఒక ముసలాయన చెయ్యి వణుకుతుంటే పక్కనున్న ఇంకో ముసలాయన రొట్టె తుంచి పెడుతున్నాడు. ముక్కలు మరీ పెద్దవని మొదటాయన విసుక్కుంటున్నాడు. మా అమ్మా నాన్నా గుర్తొచ్చారు. అది నోటుబుక్కులో రాయలేదు.

ఆ రిసార్టు వంటగదిలో సువార్తమ్మ పనిచేసేది. చిల్కూరు వైపు నుంచి ఆటోలో వచ్చేది. మా సంఘం మనిషే. భర్త లేడు, ఒక్కడే కొడుకు సామేలు. వాడు నా దగ్గరే వాక్యం నేర్చుకున్నాడు. తప్పిపోయిన గొర్రె కథ చెబితే, "మరి మిగిలిన గొర్రెల కాడ ఎవరుంటరు టీచర్?" అని అడిగినవాడు. చేవెళ్ళలో ఇంటర్ చదివి, తర్వాత మాదాపూర్‌లో కాల్ సెంటర్ ఉద్యోగంలో చేరాడు. కొన్ని నెలలుగా ఇంటికి రావడం లేదు. పని ఎక్కువని సువార్తమ్మ చెబితే నమ్మాను.

మొదటి రోజే నన్ను చూసి చాయ్ తెచ్చిచ్చింది. "రాసుడే సరిపోయె నీకు, చాయ్ సల్లగైతున్నది" అంది. "గీ దొరసానులతోని పరేషాన్ టీచరమ్మ. కారమేస్తె ఏడుస్తరు, ఎయ్యకుంటె సప్పగున్నదంటరు."

మూడో రోజు పొద్దున, తెల్లజుట్టు దొరసాని ఒకావిడ వేదిక మీద చనిపోయిన కొడుకు ఫొటో పట్టుకుని మాట్లాడుతూ ఏడ్చింది. ఏళ్ళ తరబడి వాళ్ళ ఊరి చర్చిలో వాద్యం వాయించిన మనిషట. సువార్తమ్మ చాయ్ పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యాహ్నం ఆ దొరసాని, పప్పు బాగుందని చెప్పడానికి వంటగది వెనక్కి వచ్చింది. అంట్ల తొట్టి దగ్గర ముగ్గురమే ఉన్నాం. సువార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మ, గామెను నాకోసం జర ఒక మాట అడుగు. నా సామేలు గిట్లాంటోడేనట. పెండ్లి చేసుకోనన్నడు. రూముల ఉండే దోస్తుతోనే బతుకుతనన్నడు. నేను ఇంటికి రాకన్న. ఒక ఫోను కొనిచ్చి పోయిండు. ఆదివారమాదివారం ఫోన్ చేస్తడు, నేను ఎత్త. ఎత్తాల్నా, ఎత్తొద్దా? గామెకూ కొడుకున్నడు గద. అడుగు."

నేను అడిగాను. అంతవరకు సరిగ్గానే చెప్పాను.

దొరసాని సువార్తమ్మ తడి చేతులు రెండూ పట్టుకుంది. నా వైపు కాకుండా ఆమె వైపే చూస్తూ చెప్పింది. అది నాకు నేటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నేను నా కొడుకును దేవుడి పేరు చెప్పి గుమ్మం బయట నిలబెట్టాను. నేను తప్పు చేశాను. దేవుడు నన్ను ఆ పని చేయమనలేదు. నేను పిలిచేసరికి వాడు లేడు. ఈ ఆదివారం ఫోన్ ఎత్తు. ఏం మాట్లాడాలో తెలియకపోతే, తిన్నావా అని అడుగు. అది చాలు."

సువార్తమ్మ నా నోటి వైపు చూసింది, సభల్లో ముసలమ్మలు చూసినట్టే.

"ఏమన్నదమ్మ?"

ఎంతసేపు పట్టింది నాకు? ఊపిరి తీసుకున్నంతసేపు. సంఘంలో అన్యభాష మాట్లాడితే అర్థం చెప్పేవాడు ఉండాలి, లేకపోతే మౌనంగా ఉండాలని బైబిల్లో ఉన్నది నేనే పిల్లలకు నేర్పాను. మెడలో కార్డూ మౌనంగానే ఉండమంది. కనీసం మౌనంగా ఉన్నా బాగుండేది. దేవుడు తమ బతుకు ఎలా మార్చాడో సంఘంలో నిలబడి చెప్పే సాక్ష్యాలు నాకు తెలుసు. ఎలా మొదలవుతాయో, ఎలా ముగుస్తాయో, చిన్నప్పటి నుంచి వింటున్నాను. దొరసాని బతుకును తీసుకుని సాక్ష్యంగా మార్చేశాను.

"ఈమె కూడా కొడుకును దూరం పెట్టిందట. మెత్తబడలేదట. కన్నీళ్ళతో ప్రార్థన చేసిందట. దేవుడు వాణ్ణి మార్చి తిరిగి తెచ్చాడట. నువ్వు కూడా గట్టిగా నిలబడమంటుంది."

సువార్తమ్మ ఏడ్చింది. దొరసాని ఆమెను కావలించుకుని తనూ ఏడ్చింది. తన మాట చేరిందని ఆవిడ అనుకుంది. తనకు జవాబు దొరికిందని ఈమె అనుకుంది. ఇద్దరూ నాకు కృతజ్ఞతలు చెప్పారు.

ఎందుకు చేశాను? నాకు సామేలు మీద కోపం లేదు. వాడు నాకు ఇష్టమైన పిల్లాడు. వాక్యాన్ని కాపాడుతున్నాననుకున్నాను. తప్పు బోధ నా నోటి గుండా పోనివ్వలేదని ఆ సాయంత్రం తృప్తిగా కూడా ఉంది. కానీ ఇంకొకటి ఉంది, అది చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది.  దొరసాని మాట వింటున్నప్పుడు, అది నిజమని నా లోపల ఏదో ఒప్పుకుంది. దానికి భయపడ్డాను. ఆ మాటను తెలుగులో నా గొంతుతో పలికితే ఇక నేను వెనక్కి రాలేనని భయపడ్డాను. నా భయాన్ని ఇంకో తల్లి మీద పెట్టేశాను.

అయ్యగారికి నోటుబుక్కు ఇచ్చాను. "ఎవ్వరితోని మాట్లాడలేదు గద?" అన్నారు. లేదన్నాను. అది రెండో అబద్ధం.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి ఆవరణలో సువార్తమ్మ కొంగులో ఫోన్ మోగింది. తీసి అరచేతిలో పెట్టుకుంది. ఎత్తలేదు. అది ఆగేదాకా పట్టుకుని, నా వైపు చూసి తల ఊపింది. "గట్టిగనే ఉన్న టీచరమ్మ."

అలా దాదాపు రెండేళ్ళు. ప్రతి ఆదివారం. నాకు ఆ మోత ఎంత అలవాటైందంటే, చివరి ప్రార్థన జరుగుతుంటేనే ఎదురుచూసేదాన్ని. ఏదో ఒక ఆదివారం ఆమె తనంతట తనే ఎత్తుతుందని, నేను నోరు విప్పకుండానే నా అబద్ధం చెరిగిపోతుందని ఆశపడ్డాను. ఆమె ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది? నా మీద అంత నమ్మకం. మధ్యలో సామేలు ఫోన్ చేసే నంబరు మారితే నాకు చూపించింది. కర్ణాటక నంబరు కనుక బెంగళూరుదన్నాను. పాటల పుస్తకం అట్ట వెనక నా చేతే రాయించుకుంది. ఫోన్ ఎత్తదు, నంబరు మాత్రం దాచుకుంటుంది. ఆ అంకెలు రాస్తున్నప్పుడైనా చెప్పొచ్చు కదా? పెన్ను మూత పెట్టి ఇచ్చేశాను.

ఒక ఆదివారం ఫోన్ మోగలేదు. ఆ తర్వాత ఐదేళ్ళూ మోగలేదు. ఆమె మాత్రం దాన్ని చార్జింగ్ పెట్టి తెస్తూనే ఉంది. "దేవుడు పని చేస్తున్నడు, గందుకే సప్పుడు లేదు" అనేది. ఆ మాటకు నేను ఆమేన్ అన్నాను.

ఈ వేసవి సభల్లో, ఇంటికి తిరిగొస్తున్న కొడుకును దూరం నుంచే చూసి పరుగెత్తిన తండ్రి గురించి బయటి దేశపు బోధకుడు ప్రసంగించాడు. "కొడుకు మారాడో లేదో తెలియకముందే తండ్రి పరుగెత్తాడు" అన్నాడాయన ఇంగ్లీషులో. సువార్తమ్మ ముందు వరుసలో నా నోటి వైపు చూస్తూ కూర్చుంది. నాకు మాట రాలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు. రాలేదు. మైకు ఇంకొకరికిచ్చి దిగిపోయాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. గోంగూర ఆకు తుంచుతూ ఉంది. "పానం మంచిగ లేదా టీచరమ్మ, నిన్న గట్ల దిగినవ్?" అంది. కింద కూర్చుని అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. "గామె మాట ఇప్పుడు చెప్పు. ఉన్నదున్నట్టు" అంది.

చెప్పాను. తిన్నావా అని అడిగితే చాలన్నదాకా చెప్పాను. "గామె కొడుకు మర్లిరాలేదా?" అంది. రాలేదన్నాను. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. మూడోసారి కూడా.

"నేను నిన్ను నమ్మలే టీచరమ్మ. గామెను నమ్మిన" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి వెళ్ళి పాటల పుస్తకం, ఫోనూ తెచ్చింది. "నువ్వే నొక్కు."

నొక్కాను. ఇద్దరికీ వినపడేట్టు స్పీకరు పెట్టాను. ముందు కన్నడంలో ఒక ఆడగొంతు, తర్వాత అదే ఇంగ్లీషులో.

సువార్తమ్మ నా నోటి వైపు చూసింది. "ఏమంటున్నది?"

అప్పుడు కూడా నా నాలుక కింద మెత్తటి మాటలు సిద్ధంగా ఉన్నాయి. సిగ్నల్ లేదట. తర్వాత చేయమంటుంది. అవి ఎంత తొందరగా వచ్చాయో చూసి నాకే భయమేసింది.

"ఈ నంబరు ఇప్పుడు ఎవరికీ లేదంటుంది సువార్తమ్మా" అన్నాను.

"నిజంగ గదే అన్నదా?"

"అదే అంది."

"ఇంకోసారి నొక్కు."

నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను.

ఆమె నన్ను క్షమించిందా అని అడగకండి. నేనూ అడగలేదు. చర్చిలో అందరికీ వందనాలు చెబుతుంది, నా దగ్గరికొచ్చేసరికి కొంగు సర్దుకుంటుంది. శనివారాలు మాత్రం మా ఇంటికి వస్తుంది. సామేలుతో పనిచేసిన వాళ్ళ పేర్లు ఎక్కడెక్కడో అడిగి తెస్తుంది. వాళ్ళకు ఫోన్లు చేస్తాను, వాళ్ళేమంటే అది చెబుతాను. పోయిన వారం బెంగళూరులో ఒక పాత అడ్రసు దొరికింది. ఉత్తరం రాయమంది. పైన ఒక బైబిలు వాక్యం రాద్దామని నా చెయ్యి అలవాటుగా కదిలింది. ఆపుకున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. మొదటి మాట "తిన్నవా కొడుకా" అని. రాశాక చదివి వినిపించమంది. వింటున్నంతసేపూ నా నోటి వైపు కాకుండా కాగితం వైపే చూసింది.

వాక్యం గురించి నాకు తేలనివి ఇంకా చాలా ఉన్నాయి. మోకాళ్ళ మీదే అడుగుతున్నాను. ఉత్తరానికి జవాబు రాలేదు, వస్తుందో లేదో తెలియదు. కొంచెం తేలిగ్గా ఉంది, ఆ తేలికకు నాకు అర్హత ఉందనుకోను. ఆ మాట మాత్రం ఇప్పుడు నా నోట్లో లేదు. సువార్తమ్మ దగ్గర ఉంది.