ఆదివారాలు చెరిపించాం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్లందరూ అంటారు. నిజమే, నేనేం కాదనను. అలాంటిదాన్ని ఒక పిల్ల కోసం నెలల తరబడి నోరు కుట్టేసుకుని తిరిగాను. ఆ సంగతి చెబుతాను.

మా తాత కోస్తా నుంచి బడిపంతులుగా ఒడిశాలోని రాయగడ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే నర్సునయ్యాను. కొండ ఊళ్లకు వెళ్లి గర్భిణులను చూడటం, పిల్లలకు టీకాలు వెయ్యడం నా పని. ఏ బ్లాకో చెప్పను, చెబితే మనుషులు తెలిసిపోతారు.

ఒక ఏడాది మా అందరి ఫోన్లలో ఒక యాప్ వేయించారు. ఎక్కడో పెద్ద నగరంలో ఉన్న కంపెనీ తయారుచేసిందట. మేం ఏ ఊరు వెళ్లామో ఆఫీసు కంప్యూటర్లో పటం మీద చుక్కగా కనిపిస్తుంది. మా పెద్దాఫీసరైన డాక్టరుగారు అందరికంటే ముందు తన ఫోన్లోనే వేసుకుని చూపించాడు. "డ్యూటీ వేళల్లోనే పనిచేస్తుంది" అన్నాడు. ఇంగ్లీషులో పేజీలకు పేజీలు వచ్చాయి. కింద ఒప్పుకుంటున్నానని ఉన్నచోట టక్కున నొక్కేశాం. మాత్ర ఇచ్చేముందు డబ్బా మీద తేదీ రెండుసార్లు చూసే మనిషిని, దీన్ని మాత్రం ఒక్క ముక్క చదవలేదు. సిగ్గుచేటు!

ఇక ఆ పిల్ల సంగతి. నా పరిధిలోని ఒక కొండ ఊరి పిల్ల, అక్కడి దేశియా భాషే మాట్లాడుతుంది. కాన్పు నేనే చేశాను. బిడ్డకు మూడో నెల రాకుండానే మొగుడు కర్రతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడు. పుట్టింటికి పారిపోతే ఊరి పెద్దలు రాజీ చేసి మళ్లీ వాడితోనే పంపించారు. రెండోసారి పారిపోయినప్పుడు బిడ్డను గుడ్డతో వీపుకు కట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది. మా చర్చిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉంది, నేను పిన్నీ అంటాను. రైల్వేస్టేషన్ వెనక సందులో వాళ్లిల్లు, అక్కడ లోపలి గదిలో పెట్టాను. కనిపిస్తే నరికేస్తానని మొగుడు ఊరూరా వెతుకుతున్నాడు. ఆ పిల్ల ఎక్కడుందో పిన్నికీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆరాధన అయ్యాక జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చెయ్యడం మా స్త్రీల సమాజానికి ఉన్న అలవాటే. అందుకని ఆదివారం పూట నేను ఎవరి గుమ్మం ఎక్కినా ఎవరూ ఏమీ అనుకోరు. అయినా బజారు దారి మాని సందులు తిరిగి పిన్ని ఇంటికి వెళ్లేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. కానీ ఫోను చేతిలోనే ఉంది! బైబిలూ పాటల పుస్తకమూ ఇప్పుడు ఫోన్లోనే కదా. ఫోను ఇంట్లో వదిలేసి ప్రార్థనకి వెళ్లే క్రైస్తవురాలు మా రాయగడలో ఒక్కతె ఉంటే చూపించండి!

ఒకరోజు రిపోర్టులు ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్ ఆపరేటరు తెర మీంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు.

"దీదీ, ప్రతి ఆదివారం స్టేషన్ వెనక సందులో గంటన్నర కూర్చుంటావు. చుట్టాలా?"

ఆ మనిషి ఎవరనుకున్నారు? ఆ పిల్ల మొగుడికి సొంత అన్న.

"ప్రార్థన, భాయీ. నీకోసం కూడా చెయ్యమంటావా?" అని నవ్వాను. అతనూ నవ్వాడు. మాటవరసకి అడిగాడో, కూపీ లాగాడో ఈనాటికీ తెలియదు.

సాయంత్రం నన్ను చూస్తూనే పిన్ని కంగారుపడింది. "ఏటమ్మీ, ముకం అలాగయిపోనాది?"

చెప్పాను. "అయితే ఆ దిక్కుమాలినదాన్ని ఫోన్లోంచి తీసి పారెయ్యి!" అంది.

"తీసేస్తే జీతం ఆపేస్తారు పిన్నీ. అది పోతే పోనాది. పాత ఆదివారాలన్నీ అందులోనే ఉన్నాయి కదా? ఆ ఆపరేటరుకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు సూస్తాడు, ఆడి తమ్ముడు నీ గుమ్మం ముందుకొస్తాడు."

ఆ వారం నుంచి ఆదివారాలు నా ఫోను మా అక్క ఇంట్లో పడుకుంది. సంగతి తెలిసిన ఆ పిల్ల మాత్రం ముందు గదిలోకి రావడమే మానేసింది. బిడ్డకు ఎండ పొడ తగలడం లేదు. ఇంకొకరి ఇంట్లో అయితే నేనే కేకలేసేదాన్ని. ఇక్కడ ఏమని వెయ్యను?

డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. "సార్, సెలవు రోజు కూడా చుక్కలు పడుతున్నాయి, ఆపించండి" అన్నాను.

"తప్పు చెయ్యనివాళ్లకు భయమెందుకు?" అన్నాడాయన.

ఆపరేటరు పక్కనే ఉన్నాడు. అసలు కారణం చెప్పలేను. పళ్లు పటపట కొరుక్కుంటూ బయటికొచ్చాను. ఆ రోజు బియ్యంలో రాళ్లు ఏరుతూ డాక్టరుగారిని తిట్టిన తిట్లు ప్రభువు క్షమించాలి.

తర్వాత తోటి నర్సులను ఒక్కొక్కరినే కలిశాను. పిల్ల సంగతి ఎత్తలేదు. ఆదివారాలు కూడా పడుతున్నాయని మాత్రం చెప్పాను. "ఓలమ్మో! మా ఆయనతో దెబ్బలాడి మా అమ్మింటికెల్లిపోయిన ఆదివారం కూడా పడిపోనాదేటి?" అని ఒకామె నెత్తి కొట్టుకుంది. డ్యూటీ కాని రోజులవన్నీ చెరిపేసి ఇకమీదట పడకుండా చెయ్యమని కంపెనీకి డాక్టరుగారు రాయాల్సిన ఉత్తరాన్ని మేమే ఒడియాలో రాశాం. మా విన్నపం వేరే కాగితం మీద రాసి అందరం సంతకాలు పెట్టాం.

నెలవారీ మీటింగులో గోడ మీద పటం వేశారు. ఎవరు ఏ ఊరు వెళ్లలేదో డాక్టరుగారు అడుగుతున్నాడు. నేను లేచాను.

"సార్, పోయిన ఆదివారం వెయ్యమనండి. డ్యూటీ లేదు కదా, పటం ఖాళీగా ఉండాలి."

"వెయ్యవయ్యా, ఆవిడ సరదా తీరుతుంది" అన్నాడు. ఆపరేటరు నొక్కాడు.

ఖాళీయా? గోడంతా చుక్కలే! నాది మా అక్క ఇంటి మీద బుద్ధిగా కూర్చుంది. ఒకామెది లక్ష్మీపూర్‌లో ఉంది. ఇంకొకామెది విజయనగరం ఆసుపత్రి మీద ఉంది. ఆ జబ్బేదో ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు కాబోలు, పాపం తల వంచేసుకుంది. ఎక్కువసేపు ఉన్నచోట చుక్క పెద్దదవుతుంది; అన్నిటికంటే పెద్దది దామంజోడిలో ఒక ఇంటి మీద ఉంది. అది ఎవరిదో ఆపరేటరే ఉత్సాహంగా చదివాడు.

"ఇది మన సార్‌ది! ముందు ఆదివారం కూడా అదే ఇల్లు. అంతకుముందు కూడా..."

"బంద్ కరో!" అని డాక్టరుగారు కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

తెర ఆరిపోయింది.

"సార్, తప్పు చెయ్యనివాళ్లకు భయమెందుకన్నారు" అన్నాను. "మీరు ఏ తప్పూ చెయ్యలేదని మాకు తెలుసు. అయినా ఆపమన్నారు. మేమూ అంతే సార్."

దామంజోడిలో ఎవరున్నారో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఉత్తరం రాసి తెచ్చాం, సంతకం పెట్టమని మాత్రం అడిగాను. ఆయన చెయ్యి చాపాడు. సంచిలోంచి రెండు కాగితాలూ తీసి ఇచ్చాను. అక్కడికక్కడే సంతకం పెట్టి ముద్ర వేశాడు. పటం తెరిచే పాస్‌వర్డు మార్పించి, ఆపరేటరుకు కాకుండా మా లేడీ సూపర్‌వైజరుకు అప్పగించాడు. వెనక వరసలోంచి ఎవరో చప్పట్లు మొదలెట్టారు. నేను ఆపలేదు, హాయిగా విన్నాను!

కంపెనీ నుంచి జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ నాకు కంటి మీద కునుకు లేదు. జవాబు వచ్చిన రోజు సూపర్‌వైజరమ్మ పక్కన కూర్చుని పాత ఆదివారాలన్నీ ఒక్కొక్కటే తెరిపించాను. కొండలున్నాయి, రోడ్లున్నాయి, రైలు పట్టాలున్నాయి. చుక్క ఒక్కటి లేదు.

పరుగున పిన్ని ఇంటికి వెళ్లాను. "ఇప్పుడు ఆ పటంలో ఈ ఇల్లు లేదా?" అని ఆ పిల్ల దేశియాలో అడిగింది.

"లేదు."

"నువ్వు చూశావా?"

"నా రెండు కళ్లతో చూశాను."

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్తూ అటు తొంగిచూశాను. వీధి తలుపు బార్లా తీసి ఉంది; మొగుడు ఇంకా వెతుకుతున్నా ఇక దాక్కోకూడదనుకుంది కాబోలు. ఆ పిల్ల అరుగు మీద ఎండలో కాళ్లు బారజాపి, కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని నూనె మర్దనా చేస్తోంది. వీధిలో వెళ్తున్న కూరలమ్మే ఆమె ఆగి, ఎవరి బిడ్డ అని అడిగింది.

"నా బిడ్డ" అంది ఆ పిల్ల, వీధి చివరిదాకా వినిపించేటట్టు.