గరజ్ పడితే చెప్తనన్న అత్త

మా మేనత్త పోయిందని పొద్దుగాల అత్త పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది. దాజీ పేట్ల మా ఇంటి నుంచి అత్త ఉండే బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌కు రిక్షాల పోతుంటే నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. నిన్ననే గదా పోయి కూసొని మాట్లాడొచ్చిన! పానం బాగలేదని ఒక్క ముక్క చెప్పలే.

సోలాపూర్ల మా తెలుగుకు ‘గరజ్’ లేంది పూట గడువదు. మరాఠీ మాటనే, కని మా ఇండ్లల్ల పుట్టినట్టే కలిసిపోయింది. అవసరమని కాయితం మీద రాస్తం. నోటితోని గరజ్ అనే అంటం. లేకుంటే నడువనిదే గరజ్. చిన్నప్పుడు నేను రిబ్బన్లు అడిగితే, అత్త ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చుట్టుకుంటనే, తల ఎత్తకుండ అడిగేది: “గరజా, సోకా?” సోకే అని ఒప్పుకుంటే నవ్వి కొనిచ్చేది. అబద్ధమాడితే మాత్రం ఇచ్చేది కాదు.

మామ పోయి ఒక్కతే అయినంక చెయ్యిల చెయ్యి వేయించుకున్న. “గరజ్ పడితే నాకే చెప్పాలె అత్తా.”

“చెప్త బిడ్డా, ఇంకెవలకు చెప్త?”

చెప్పింది గూడ. ఐతారం పోతే ఏదో ఒకటి అడిగేది. జల్లెడ, స్వెటర్, ఓసారి చెప్పులు. “గింత పెద్ద సైజెందుకే?” అంటే “వదులుగుంటే సుకముంటది” అన్నది. ఆ దగ్గేందంటే “తంబాకు దగ్గు, ఈ గల్లీల ఎవలకు లేదు?” అన్నది. నమ్మిన. చెప్పులడిగిన మనిషి మందులడగదా అనుకున్న.

అంతా అయిపోయినంక పక్కింటామె నోరు ఇప్పింది. “డాక్టర్ పెద్ద దవాఖానకు పొమ్మన్నడక్కా. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది.”

“ఎందుకట?”

“ఈ వయసుల నాకేం గరజ్ అన్నది.”

నన్ను మోసం చేసినవ్ అత్తా. చిన్న చిన్నయి అడిగి, పెద్దది దాసినవ్. నాకు నేర్పిన మాటతోనే నన్ను బోల్తా కొట్టించినవ్. నువ్వు లేకుంటే నాకు నడుస్తదా, అది అడిగినవా?

మూడోనాడు పక్కింటామె చాయ్ తెచ్చింది. గడప అవుతల చెప్పులు ఇడిసి లోపలికొచ్చింది. చూసిన. నేను కొన్నయే.

“ఉత్తకాళ్లతోని తిరుగుతున్ననని మీ అత్తే ఇచ్చింది. నా కాలు కొలిచి మరీ తెప్పిచ్చింది,” అన్నది.

చాయ్ గిలాస చేతుల పట్టుకొని గడప దిక్కే చూసుకుంట కూసున్న. ఆ కొత్త చెప్పుల పక్కపొంటి అత్తయి ఉన్నయి, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి.