మొసలి తల తిప్పని బోటు

మా మేనత్త చేతిలోంచి లాడ్జి యజమాని బోటు తాళం లాక్కున్నది టూరిస్టులందరి ముందే. "రేపట్నుంచి దుప్పట్లు ఉతుకు. నీకదే సరిపోతుంది," అన్నాడు. మొసలికి కోడి పేగులు వేయనని చెప్పడం ఆమె చేసిన నేరం.

నది మలుపులో ఇసుక తిన్నె మీద ఆ మొసలి ఎండ కాచుకునేది. అత్త చాలా ముందే ఇంజిన్ ఆపేసి, బోటును ప్రవాహానికి వదిలేది. "ఇంత దూరం నుంచి ఫోటో ఏం వస్తుంది?" అని జనం సణిగేవాళ్ళు. కొత్త డ్రైవరుకు ఆ బాధ లేదు. కర్రకు పేగులు కట్టి పైకెత్తేవాడు, మొసలి నీళ్ళలోంచి ఎగిరేది, బోటంతా చప్పట్లు. లాడ్జి నిండింది. పెరట్లో దుప్పట్ల గుట్ట కూడా పెరిగింది.

వెళ్ళి యజమానిని నిలదీస్తానన్నాను.

"నువ్వు అరిస్తే ఇవి ఆరతాయా అల్లుడూ? ఆ కొస పట్టుకుని పిండు," అంది అత్త.

ఇంజిన్ మోగితే తిండి వస్తుందని మొసలి నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం బోటు వెంటే రేవు దాకా వచ్చి, బట్టలు జాడిస్తున్న ఆడవాళ్ళ ముందు తల పైకెత్తింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రోజు నుంచి రేవులోకి దిగడానికి అందరూ భయపడ్డారు. అటవీ అధికారులు బోను తెచ్చారు. యజమాని అప్పటికే లాడ్జి వెనక గొయ్యి ఎక్కడ తవ్వించాలా అని చూసుకుంటున్నాడు. బతికినన్నాళ్ళూ మొసలి అందులోనే, చుట్టూ టూరిస్టులు, అదీ ఆయన లెక్క.

అత్త తడి చేతులతోనే వచ్చింది. "సార్, దానికి అలవాటు చేసింది మనం. మాన్పించాల్సిందీ మనమే. నెల రోజులు బోటు నాకివ్వండి."

"మొసలికి పాఠాలు చెప్తావా?" అన్నాడు పెద్ద అధికారి.

"చెప్పను సార్. తిండి పెట్టను, అంతే."

ఆయన నవ్వాడు. అయినా గడువిచ్చి, అప్పటిదాకా రేవు మూయించాడు. మానకపోతే బోనే అన్నాడు.

రోజూ బోటులో మేమిద్దరమే. ఇంజిన్ మోగగానే మొసలి వచ్చి చుట్టూ తిరిగేది, తోకతో బోటు పక్కన బాదేది. అత్త ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"భయమేస్తోందత్తా," అన్నాను.

"వెయ్యనీ. చేతులు మాత్రం బయట పెట్టకు."

కొన్నాళ్ళకు అది ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. తర్వాత దూరాన కళ్ళు మాత్రమే తేలేవి. గడువు దగ్గరపడిన ఒక ఉదయం మేము మలుపు దాటుతుంటే తిన్నె మీదే పడుకుని ఉంది, కదల్లేదు. అత్త ఇంజిన్ ఆపలేదు, తిరిగి ఇంకోసారి అటే నడిపింది. అప్పుడూ కదల్లేదు.

బోను ఖాళీగా వెనక్కి పోయింది. ఇకపై మొసలికి తిండి వేసిన బోటు నదిలోకి దిగదని అధికారులు తేల్చి చెప్పారు. బోటు పని తిరిగి అప్పగిస్తూ తాళం అత్త అరచేతిలో పెట్టేటప్పుడు యజమాని నేల చూపులు చూశాడు. నేను మాత్రం ఆయన మొహాన్నే తనివితీరా చూశాను.

మొన్న వెళ్ళినప్పుడు నేనూ బోటెక్కాను. మలుపుకు చాలా ముందే అత్త ఇంజిన్ ఆపేసింది. మొసలి తిన్నె మీద నిద్రలో ఉంది.

"ఏంటమ్మా, ఇంజిన్ అంత మోగినా అది ఇటు తల కూడా తిప్పలేదు?" అని ఒకాయన నిష్ఠూరమాడాడు.

అత్త నా వైపు చూసి నవ్వి, ఆయనతో అంది: "తిప్పదు బాబూ. తిప్పకుండా చేసింది నేనే."